ఇంకో యంత్రంలో అదే ఆట: హీరోస్ 3 గురించి ఆడేవాళ్లు ఏమన్నారు

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క ఆట గురించి మాట్లాడతాను. దాని పేరు హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3. మీలో కొంతమంది రాత్రుళ్లు మేలుకుని ఆడి ఉంటారు, కొంతమంది పేరు కూడా విని ఉండరు. ఈ ఆట విండోస్ నుంచి లైనక్స్‌కి, మ్యాక్‌కి, టాబ్లెట్లకి, చివరికి ఫోన్లకి వెళ్లింది. వెళ్లిన ప్రతిచోటా ఆడేవాళ్లు ఏదో ఒకటి అన్నారు. మెచ్చుకున్నారు, తిట్టారు, బతిమాలారు. ఆ మాటల్ని శ్రద్ధగా వింటే ఒక ఆటలో ఏది ముఖ్యమో, ఏది కాదో తెలుస్తుందని నా నమ్మకం. మీలో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ విషయం మీకు పనికొస్తుంది.

ఆట ఆడనివాళ్ల కోసం ముందు దాని సంగతి చెప్తాను. 1999లో అమెరికాలోని న్యూ వరల్డ్ కంప్యూటింగ్ తయారుచేసింది, 3డీఓ కంపెనీ విడుదల చేసింది. ఎరాథియా అనే కల్పిత రాజ్యం. మీ వీరుడు గుర్రమెక్కి మ్యాప్ మీద తిరుగుతాడు. గనులు పట్టుకుంటాడు, నిధులు ఏరుకుంటాడు, దారికి అడ్డంగా నిలబడ్డ రాక్షసులతో పోరాడతాడు. చెక్క, ఖనిజం, పాదరసం, గంధకం, స్ఫటికం, రత్నాలు, బంగారం అని 7 రకాల వనరులు ఉంటాయి. మొదటి విడుదలలో కోటలు 8 రకాలు. దేవదూతలుండే కోట ఒకటి, చచ్చినవాళ్లని అస్థిపంజరాలుగా లేపే కోట ఒకటి, ఇలా. ఒక టర్న్ అంటే ఒక రోజు. 7 రోజులకి ఒక వారం, కొత్త వారం మొదలవగానే కోటల్లో కొత్త సైన్యం వస్తుంది. అందుకే ఆడేవాళ్లందరూ “ఇంకొక్క రోజు, సోమవారం దాకా” అనుకుంటూ తెల్లారే దాకా లేవరు. యుద్ధం మొదలైతే వేరే తెర వస్తుంది. దాని మీద ఆరు మూలల గళ్లు, అడ్డంగా 15, నిలువుగా 11. అక్కడ రెండు సైన్యాలు వంతులవారీగా కదులుతాయి.

ఇందులో వేగం లేదు, చేతి చురుకు అక్కర్లేదు. ఆలోచన కావాలి, ఓపిక కావాలి. కాబట్టి వేరే కంప్యూటర్‌కి మార్చడం సులభమేనని బయటినుంచి చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి కష్టం ఎక్కడుందో ఆడేవాళ్ల మాటల్లోనే తెలుస్తుంది.

మొదట లైనక్స్ సంగతి. విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే ఇంకో వ్యవస్థ అది. 1998లో కాలిఫోర్నియాలో స్కాట్ డ్రేకర్ అనే ఆయన లోకీ సాఫ్ట్‌వేర్ అని ఒక కంపెనీ పెట్టారు. వాళ్ల పని ఒక్కటే. విండోస్‌లో పేరు తెచ్చుకున్న ఆటల హక్కులు తీసుకుని, లైనక్స్‌లో నడిచేలా తిరిగి తయారుచేసి, పెట్టెలో పెట్టి అమ్మడం. మొదటి ఆట సివిలైజేషన్: కాల్ టు పవర్, 1999లో వచ్చింది. అదే ఏడాది చివర్లో హీరోస్ 3 తెచ్చారు. అప్పట్లో లైనక్స్ వాడేవాళ్లకి సొంతంగా పెద్ద ఆటలంటూ దాదాపు లేవు. ఆట ఆడాలంటే కంప్యూటర్ ఆపి, మళ్లీ విండోస్‌లోకి వెళ్లాలి. అలాంటివాళ్లకి దుకాణంలో తమ కోసం ఒక పెట్టె ఉండటమే పండగ. ఆట బాగా నడిచింది కూడా. బొమ్మలు అవే, పాల్ రొమేరో, రాబ్ కింగ్, స్టీవ్ బాకా చేసిన సంగీతం అదే. కొనుక్కున్నవాళ్లలో చాలామంది తృప్తి పడ్డారు.

కానీ ఫిర్యాదులు కూడా వచ్చాయి. వాటిని కాస్త దగ్గరగా చూద్దాం. లైనక్స్ పెట్టె వచ్చేటప్పటికి విండోస్‌లో ఆర్మగెడాన్స్ బ్లేడ్ అనే ఎక్స్‌పాన్షన్, అంటే అసలు ఆటకి కలిపే అదనపు భాగం, అప్పటికే వచ్చేసింది. అందులో తొమ్మిదో కోట ఉంది. దానికంటే ముఖ్యంగా, అడిగినప్పుడల్లా కొత్త మ్యాప్ పుట్టించే సౌకర్యం ఉంది. 2000లో షాడో ఆఫ్ డెత్ అనే రెండో ఎక్స్‌పాన్షన్ వచ్చింది. ఈ రెండూ లైనక్స్‌కి రాలేదు. విండోస్ స్నేహితులు కొత్త మ్యాపుల గురించి మాట్లాడుకుంటుంటే, లైనక్స్‌వాళ్లు ఆ మ్యాపులు తెరవడానికే వీల్లేదు. పాత ఆటలో కొత్త ఎక్స్‌పాన్షన్ మ్యాప్ తెరుచుకోదు మరి.

ఇంకో బాధ నెట్‌వర్క్‌ది. విండోస్‌లో హీరోస్ 3 ఇద్దరు ముగ్గురిని కలపడానికి మైక్రోసాఫ్ట్‌వారి డైరెక్ట్‌ప్లే అనే నెట్‌వర్క్ పనిముట్టు మీద ఆధారపడింది. ఇవాళ కూడా కొత్త విండోస్‌లో పాత హీరోస్ 3 పెడితే, డైరెక్ట్‌ప్లే కావాలని అడగడం మీలో కొందరు చూసి ఉంటారు. అది లైనక్స్‌లో లేదు. పక్కింటి స్నేహితుడి విండోస్‌తో కలిసి ఆడాలనుకునే లైనక్స్‌వాడికి ఇదే మొదటి గోడ. ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని వంతులవారీగా మౌస్ చేతులు మార్చుకునే హాట్ సీట్ మాత్రం ఎవరూ తీసేయలేదు.

గమనించండి, ఈ రెండు ఫిర్యాదులూ బొమ్మల గురించి కావు, వేగం గురించి కావు. తోటివాళ్ల నుంచి విడిపోయాం అన్న బాధ అది. “మా ఆట వేరు, వాళ్ల ఆట వేరు అయిపోయింది” అన్నదే దాని సారం. ఆటను మోసుకొచ్చినవాళ్లు ప్రోగ్రామ్‌ని జాగ్రత్తగా తెచ్చారు. కానీ ఆ ఆట చుట్టూ ఉన్న మనుషుల్ని తేలేకపోయారు. లోకీవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఎక్స్‌పాన్షన్‌కి హక్కులు కొనాలి, మళ్లీ నెలల తరబడి పని చేయాలి, ఆపైన అమ్ముడుపోవాలి. ఆసక్తి ఉన్నవాళ్లలో ఎంతోమంది విండోస్ పెట్టె అప్పటికే కొనేశారు. అదే ఆటకు రెండోసారి డబ్బు పెట్టాలంటే మనసొప్పదు కదా. లోకీ 2001 ఆగస్టులో దివాలా కాగితాలు దాఖలు చేసింది, 2002 జనవరిలో మూతపడింది.

కంపెనీ పోయాక ఇంకో సమస్య బయటపడింది. ఈ తరం ప్రోగ్రామర్లు ఇది బాగా ఆలోచించాలి. లోకీ అమ్మిన ఆట సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, బయట లేదు. 1999 నాటి లైనక్స్ లైబ్రరీల మీద, అంటే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్ మీద, కట్టిన ప్రోగ్రామ్ అది. లైనక్స్ ఏటా మారుతూ పోయింది. కొన్నేళ్లకి ఆట తెరుచుకోవడం మానేసింది. నిజాయితీగా డబ్బిచ్చి కొన్నవాళ్లు పాత లైబ్రరీలు వెతికి తెచ్చుకుని, పక్కన పెట్టుకుని, నానా తిప్పలు పడి ఆడాల్సి వచ్చింది. చిత్రమేమిటంటే విండోస్ పెట్టె కొని, వైన్ అనే పొర మీద లైనక్స్‌లో నడిపించుకున్నవాళ్లకి పని తేలికైంది. ఆ పెట్టెలో ఎక్స్‌పాన్షన్లు కూడా ఉన్నాయి. లైనక్స్ కోసమే చేసిన ఆటని వదిలి, విండోస్ కోసం చేసిన ఆటని లైనక్స్‌లో ఆడమని ఆడేవాళ్లే ఒకరికొకరు సలహా ఇచ్చుకున్నారు. అంత కష్టపడి చేసిన పనికి అలాంటి ముగింపు రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మ్యాక్‌వాళ్లకీ ఇంచుమించు ఇదే జరిగింది. వాళ్ల హీరోస్ 3 పవర్‌పీసీ అనే పాత రకం ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌ల కోసం చేసింది. ఆపిల్ ఇంటెల్ ప్రాసెసర్ల వైపు మళ్లింది. 2011లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 10.7తో పవర్‌పీసీ ప్రోగ్రాములు నడవడమే ఆగిపోయింది.

ఇప్పుడు 2015కి వద్దాం. మధ్యలో 3డీఓ 2003లో దివాలా తీసింది, ఆట పేరు మీద హక్కుల్ని యూబీసాఫ్ట్ 13 లక్షల డాలర్లకి కొనుక్కుంది. 2015 జనవరి 29న యూబీసాఫ్ట్ హీరోస్ 3 హెచ్‌డీ ఎడిషన్ విడుదల చేసింది. విండోస్‌తో పాటు ఐప్యాడ్‌కి, ఆండ్రాయిడ్ టాబ్లెట్లకి కూడా. పని చేసింది ఫ్రాన్స్‌కి చెందిన డోట్‌ఎమూ. పాత ఆట 800 ఇంటూ 600 చుక్కల తెరకి గీసింది. దాన్ని ఇప్పటి వెడల్పు తెరలకి తగ్గట్టు బొమ్మబొమ్మా మళ్లీ తయారుచేశారు. టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని హీరోస్ ఆడటం చాలామందికి ఏళ్ల కల. పిల్లల్ని పడుకోబెట్టాక సోఫాలో కూర్చుని ఒక వారం ఆడుకోవచ్చు అన్న సంతోషం నిజమైనదే.

కానీ ఆడేవాళ్ల నోట మొదట వచ్చిన ప్రశ్న “ఎక్స్‌పాన్షన్లు ఏవి?” వాటి సోర్స్ కోడ్ పనికొచ్చే స్థితిలో లేదని, మూల ఆటనే మళ్లీ తెస్తున్నామని యూబీసాఫ్ట్ చెప్పింది. 15 ఏళ్ల కిందటి లైనక్స్‌వాళ్ల ఫిర్యాదు అక్షరం మారకుండా తిరిగొచ్చింది. తొమ్మిదో కోట లేదు, మ్యాప్ పుట్టించే సౌకర్యం లేదు, అభిమానులు ఏళ్లుగా తయారుచేసుకున్న వేల మ్యాపుల్లో చాలా భాగం తెరుచుకోవు. ఇదే సమయంలో రెండు ఎక్స్‌పాన్షన్లూ ఉన్న పాత కంప్లీట్ ఎడిషన్ జీఓజీ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో తక్కువ ధరకి దొరుకుతోంది. దాని మీద హెచ్‌డీ మోడ్ అని ఒక అభిమాని చేసిన ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే పెద్ద తెర మీద ఎక్కువ మ్యాప్ కనిపిస్తుంది. అది బొమ్మల్ని మార్చదు, కనిపించే మేర పెంచుతుంది. చాలామంది పాత ఆటగాళ్లకి కావాల్సింది కూడా అదే. వీరుడి చుట్టూ ఇంకాస్త దూరం కనిపిస్తే చాలు. గుర్రం జూలు స్పష్టంగా లేకపోయినా వాళ్లకి ఫర్వాలేదు.

ఈ మాట కొంచెం సాగదీస్తాను, ఏమీ అనుకోకండి. ఎందుకంటే పోర్ట్ చేసేవాళ్లు, అంటే ఆటని ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకి మార్చేవాళ్లు, ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అమ్మేటప్పుడు కొత్త బొమ్మలు చూపించాలి, ప్రకటనలో అవే కనిపిస్తాయి. కానీ ఏళ్ల తరబడి ఆడినవాడు బొమ్మల్ని చూడటం ఎప్పుడో మానేశాడు. వాడికి చేతికి తెలుసు. ఈ మీట నొక్కితే రోజు ముగుస్తుంది, హెచ్ నొక్కితే తర్వాతి వీరుడు, యుద్ధంలో డబ్ల్యూ అంటే ఆగు, డీ అంటే కాచుకో, సీ అంటే మంత్రం. స్పేస్ నొక్కితే నిలబడ్డ చోటనే ఉన్న భవనాన్ని మళ్లీ దర్శిస్తాడు. ఇవి మారాయా, వేరేవాళ్ల వంటింట్లో పోపుల డబ్బా వెతుక్కున్నట్టు ఉంటుంది. వంట వచ్చు, చేయి మాత్రం సాగదు.

టాబ్లెట్ మీద ఇది ఇంకా తీవ్రం. హీరోస్ 3 సగం కుడి మౌస్ బటన్ మీద బతుకుతుంది. దారిలో ఒక రాక్షస గుంపు ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్ పట్టి ఉంచితే ఎంతమంది ఉన్నారో ఉజ్జాయింపుగా చెప్తుంది. “హోర్డ్” అన్నదంటే 50 నుంచి 99 మంది. “లాట్స్” అంటే 20 నుంచి 49. ఆడేవాళ్లకి ఈ మాటలు ఎక్కాల్లా కంఠతా వచ్చు. దాడి చేయాలా, చుట్టూ తిరిగి పోవాలా అన్నది ఆ ఒక్క మాట మీద తేల్చుకుంటారు. వేలికి కుడి బటన్ లేదు. కాబట్టి ఎక్కువసేపు నొక్కిపట్టడాన్ని దానికి బదులుగా పెడతారు. అది కుదురుతుంది.

కుదరనిది ఇంకోటుంది. యుద్ధంలో శత్రువు ఉన్న గడి మీదికి మౌస్ బాణం తీసుకెళ్తే అది కత్తిగా మారుతుంది. మౌస్‌ని కొంచెం పైకి జరిపితే కత్తి పైనుంచి, కిందికి జరిపితే కిందినుంచి. అంటే ఏ వైపు గడిలో నిలబడి కొట్టాలో నొక్కకముందే చూపిస్తుంది. ఆరు మూలల గళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఒక వైపు నిలబడితే మన విలుకాళ్లకి రక్షణగా ఉంటాం, ఇంకో వైపు నిలబడితే వాళ్లు శత్రువుకి దొరికిపోతారు. వేలికి ఈ “నొక్కకముందు” అనేదే లేదు. తాకిందంటే నొక్కినట్టే. పైగా గడి చిన్నది, వేలు పెద్దది. ఎవరు ఈ ఆటని తాకే తెర మీదికి తెచ్చినా ఈ ముడి విప్పాల్సిందే. తప్పు వైపు నుంచి దాడి జరిగి ఒక దేవదూత పోయిందంటే ఆడేవాడికి ఒళ్లు మండుతుంది. వాడు పెట్టే ఫిర్యాదుని కోపం అని పక్కన పెట్టొద్దు. అది చాలా ఖచ్చితమైన బగ్ రిపోర్ట్.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. 2007లో వీసీఎంఐ అనే ప్రాజెక్టు మొదలైంది. హీరోస్ 3 ఇంజిన్‌ని, అంటే ఆటని నడిపే ప్రోగ్రామ్‌ని, అభిమానులే మొదటి నుంచి సీ ప్లస్ ప్లస్‌లో మళ్లీ రాయడం. అసలు ఆట కోడ్ ఆ అభిమానుల చేతిలో లేదు. ఆట ఎలా ప్రవర్తిస్తుందో చూసి, లెక్కకట్టి, అదే ఫలితం వచ్చేలా రాయాలి. కోడ్ జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ అందుబాటులో ఉంది. బొమ్మలు, సంగీతం, మ్యాపులు మాత్రం మీరు కొనుక్కున్న ఆటలోంచి తెచ్చుకోవాలి. 1.0 వెర్షన్ 2022లో వచ్చింది. లెక్క చూడండి, అంతవరకూ 15 ఏళ్లు. ఈరోజు అది విండోస్, లైనక్స్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఓఎస్ అన్నింటిలో నడుస్తుంది. ఎక్స్‌పాన్షన్లతో సహా.

ఇక్కడ కూడా ఫిర్యాదులు తక్కువేం కాదు. పెద్ద మ్యాపులో కంప్యూటర్ తన వంతు ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకుంటోందన్నారు. ఫోన్‌లో అక్షరాలు చిన్నవన్నారు. ఫలానా మంత్రం అసలు ఆటలో ఇలా పనిచేయదన్నారు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఫిర్యాదు చేసినవాడే రేపు కోడ్ తెరిచి సరిచేయగలడు. కంప్యూటర్ ఆడే తీరుని మెరుగుపరచడానికి నల్‌కిల్లర్ అని వేరే ఏఐ రాసి చేర్చారు. ఇందాక చెప్పిన కత్తి ముడికి కూడా ఒక దారి పెట్టారు. తెర మీద వేలు జరిపితే ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద జరిపినట్టు బాణం కదులుతుంది, మీకు కావాల్సిన చోట ఆగాక నొక్కొచ్చు. “నొక్కకముందు” అనేదాన్ని వేలికి తిరిగి ఇచ్చారన్నమాట. ఈ పరిష్కారాన్ని నేను చాలా గౌరవిస్తాను. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండదు. కానీ ఆటలో ఏది పోకూడదో తెలిసినవాళ్లు మాత్రమే చేయగలిగిన పని అది.

లోకీ పని వృథా పోలేదని కూడా ఇక్కడే చెప్పాలి. లోకీలో ముఖ్య ప్రోగ్రామర్‌గా పనిచేసిన శామ్ లాంటింగా, ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ రాశారు. తెర, శబ్దం, కీబోర్డు, మౌస్ వీటన్నింటితో ఏ వ్యవస్థలోనైనా ఒకే తీరుగా మాట్లాడటానికి అది పనికొస్తుంది. లోకీ మూతపడినా ఎస్‌డీఎల్ బతికింది, ఎందుకంటే దాని సోర్స్ కోడ్ బయట ఉంది. వీసీఎంఐ ఆ ఎస్‌డీఎల్ మీదే నిలబడింది. హీరోస్ 2 కోసం ఇలాగే అభిమానులు రాసిన ఎఫ్‌హీరోస్2 కూడా అంతే. మూసి ఉంచిన ఆట పోయింది, తెరిచి ఉంచిన పనిముట్టు తర్వాతి తరానికి అందింది.

ఆడేవాళ్లు అన్నది ప్రతిసారీ ఒప్పు అని నేను అనను. ఆర్మగెడాన్స్ బ్లేడ్‌లో మొదట ఫోర్జ్ అనే కోట పెట్టాలనుకున్నారు. యంత్రాలు, తుపాకులు ఉండే కోట. మైట్ అండ్ మ్యాజిక్ కథలో సైన్స్ ఫిక్షన్ మొదటి నుంచీ ఉంది, కాబట్టి అది కథకి అతకనిదేమీ కాదు. కానీ అభిమానులు గొడవ చేశారు, ఆట కొనబోమన్నారు. చివరికి దాన్ని తీసేసి కాన్‌ఫ్లక్స్ అనే కోట పెట్టారు. నా దృష్టిలో ఒక మంచి ప్రయోగం అక్కడ ఆగిపోయింది. కొత్తది వద్దు అనే అభిప్రాయానికి, ఉన్నది పోగొట్టొద్దు అనే అభిప్రాయానికి మధ్య తేడా ఉంది. పోర్ట్ విషయంలో వచ్చేవి దాదాపు అన్నీ రెండో రకం. అందుకే వాటికి ఎక్కువ బరువివ్వాలని అంటున్నాను.

సమయం అయిపోతోంది. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, ఇది మొదలుపెట్టాలంటే ఏది కొనాలి?)

కంప్లీట్ ఎడిషన్ కొనమ్మా. హెచ్‌డీ ఎడిషన్ ఒక్కటే ఉంటే వీసీఎంఐకి సరిపోదు, ఎక్స్‌పాన్షన్ల ఫైళ్లు కావాలి. విండోస్ ఉంటే హారన్ ఆఫ్ ది అబిస్ కూడా చూడు. 2011 చివరి రోజున మొదటిసారి విడుదలైన అభిమానుల ఎక్స్‌పాన్షన్ అది. అందులో సముద్రపు దొంగల కోట ఉంటుంది. పోటీలు ఆడేవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు అక్కడే ఉన్నారు. ముందు చిన్న మ్యాపుతో మొదలుపెట్టు. 36 ఇంటూ 36 గళ్ల మ్యాప్ ఒక సాయంత్రంలో అయిపోతుంది.

(మరొకరు: దీన్ని తెలుగులోకి తేవచ్చా?)

మంచి ప్రశ్న. అసలు 1999 ఆటలో కుదరదు. అందులో అక్షరాలు చుక్కలతో గీసిన బొమ్మలు, ఒక ఫాంటుకి 256 మించి ఉండవు. మన గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు అందులో పట్టవు. వీసీఎంఐలో మాటలన్నీ కోడ్ నుంచి వేరుగా ఫైళ్లలో ఉంటాయి. పోలిష్, ఉక్రేనియన్, జర్మన్, చైనీస్ భాషలవాళ్లు అలాగే తమ భాషలోకి తెచ్చుకున్నారు. మీరు చేయాలనుకుంటే ముందు వేల వాక్యాల అనువాదం మీద కూర్చోవద్దు. ఒక్క వాక్యం తీసుకోండి, “స్త్రీ” లాంటి మాట ఒకటి అందులో ఉండేలా చూసుకోండి. అది ఆట తెర మీద సరిగ్గా అతుక్కుని కనిపిస్తోందా, సకారం కింద త, ర సరైన చోట పడుతున్నాయా చూడండి. పడకపోతే అక్షరాలు అతికించే భాగం మీద పని చేయాలి. ఆ పని చేస్తే కన్నడానికి, మలయాళానికి, హిందీకి కూడా దారి పడుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే ఈ పరీక్ష ఒక ఆదివారంలో తేలిపోతుంది. ఆసక్తి ఉన్నవాళ్లు ఇప్పుడే ముందుకి రండి, ల్యాప్‌టాప్ నా దగ్గరే ఉంది.